ఉత్త వేర్లతో వచ్చే ఆపిల్ అంట్లు: గుంతలు తయారయ్యే దాకా మూడు వారాలు ఎలా నిలబెట్టాలి?

కళ్యాణదుర్గం తోట అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. హిమాచల్ నుంచి 60 ఆపిల్ అంట్లు బుక్ చేసినాము. హెచ్.ఆర్.ఎం.ఎన్.-99 రకం 40, అన్నా రకం 10, డోర్సెట్ గోల్డెన్ 10. మట్టి గడ్డ ఉండదు, ఉత్త వేర్లే. మూడు నాలుగు అడుగుల పొడవు, పెన్సిల్ లావు. జనవరి 12న పార్సిల్ లారీకి వేస్తారట, ఇక్కడికి చేరేసరికి 19 లేదా 20 అవుతుంది. చేను ఎర్ర గరప నేల, అడుగున్నర కింద రాతి పొర. జేసీబీ ఫిబ్రవరి రెండో వారానికి గానీ దొరకదు. అంటే మొక్కలు మూడు వారాల పైనే ఆగాల.

చలి దేశాల్లో నేల మంచుకు గడ్డకట్టినప్పుడు ఇట్లాంటి మొక్కల్ని కాలవలో వాలుగా పూడ్చి, పైన గడ్డి కప్పి నెలల తరబడి ఉంచుతారంట. మన దగ్గర ఆ చలి యాడిది? అదే పద్ధతి ఇక్కడ పనికొస్తుందా? నా దగ్గర పెద్ద వేపచెట్టు నీడ ఉంది, ఒక రేకుల గది ఉంది. బోరు నీళ్ళు కొంచెం ఉప్పగా ఉంటాయి. తడి గోనెపట్టల్లో చుట్టి గదిలో పెడితే చాలునా? లేదంటే నీళ్ళ తొట్టిలో వేర్లు మునిగేట్టు నిలబెట్టొచ్చునా?

వేంపల్లె అంట్లు

తొట్టి ఆలోచన మాత్రం వద్దు సార్. వేరు కూడా గాలి పీలుస్తుంది. కదలని నీళ్ళలో ఒక రోజు దాటితే గాలి చాలక సన్న వేర్ల పైతోలు ఊడి జారిపోతుంది, మూడో రోజుకు నీళ్ళు వాసన పడతాయి. నానబెట్టడం వేరు, నిల్వ పెట్టడం వేరు. పార్సిల్ దిగిన రోజు 4 నుంచి 6 గంటలు నానబెట్టండి. బెరడు ముడతలు పడి ఉంటే రాత్రంతా ఉంచండి. అంతకు మించి వద్దు.

ఇక మంచు నేలల పద్ధతి. ఆ పద్ధతిలో మొక్కను కాపాడేది కాలవ ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న చలి కూడా. ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక.

ఆపిల్ నిద్రలో రెండు దశలున్నాయి. మొదటి దశలో మొక్క లోపల్నుంచే నిద్రపోతుంది, ఎంత వెచ్చగా ఉంచినా మొగ్గ కదలదు. ఆ రకానికి కావాల్సినన్ని గంటల చలి అందగానే ఈ దశ ముగుస్తుంది. అక్కడి నుంచి మొక్కను పట్టి ఉంచేది బయటి చలి ఒక్కటే. చలి తీసేస్తే లేస్తుంది. మామూలు కొండ ఆపిల్ రకాలకు 7 డిగ్రీల లోపు చలి వెయ్యి గంటల దాకా కావాలి. అన్నా రకానికి 200 నుంచి 300 గంటలు చాలు, డోర్సెట్ గోల్డెన్‌కు ఇంకా తక్కువ. హెచ్.ఆర్.ఎం.ఎన్.-99 పుట్టిందే బిలాస్‌పూర్ జిల్లా పనియాలా ఊళ్ళో, హరిమన్ శర్మ గారి తోటలో. ఆ ఊరు సముద్ర మట్టానికి 1,800 అడుగుల దగ్గరుంటుంది, ఆపిల్ కొండల ఎత్తు కాదు. తక్కువ చలి చాలుననే కదా మనం ఈ రకాల్ని ఎంచుకునేది. నిల్వ విషయంలో ఆ గుణమే మనకు ఎదురు తిరుగుతుంది. ఇవన్నీ కోడినిద్ర రకాలు. జనవరి సగానికి వీటి మొదటి దశ అయిపోయి ఉంటుంది. అనంతపురం జిల్లాలో జనవరి పగలు 30 డిగ్రీల దగ్గర, అడుగు లోతు మట్టి కూడా 20కి పైనే. అట్లాంటి మట్టిలో పూడ్చితే 10 నుంచి 15 రోజుల్లో మొగ్గ ఉబ్బుతుంది. కొత్త వేరు ఇంకా రాకముందే ఆకు విచ్చుకుంటుంది, కాండంలో దాచుకున్న నీళ్ళూ పిండీ అయిపోతాయి, మొక్క కూలిపోతుంది. చూసేవాళ్ళు “చిగురేసింది, బతికింది” అనుకుంటారు. రెండు వారాల తరువాత ఆ చిగురే ఎండుతుంది.

కాబట్టి మన దగ్గర వాలుగా పూడ్చడం వారం, మహా అయితే పది రోజుల ఉపాయం. మూడు వారాలకు చాలదు.

అన్నిటికంటే మంచిది పార్సిల్‌నే ఆపించడం. మొక్కలు ఇంకా నర్సరీ మడిలో ఉంటే అక్కడే ఉండనివ్వండి, అక్కడి నేలే పెద్ద ఫ్రిజ్. తవ్వి కట్టలు కట్టేసి ఉంటే ఎట్లా పెట్టారో అడగండి. ఎత్తు కొండల్లో నేల గడ్డకట్టక ముందే మొక్కల్ని తవ్వేస్తారు. గడ్డకట్టిన నేలలో పార దిగదు, బలవంతంగా పీకితే సన్న వేర్లన్నీ నేలలోనే తెగిపోతాయి. నాటుదామన్నా కుదరదు, గడ్డకట్టిన పెళ్ళలు వేర్ల చుట్టూ సర్దుకోవు, మధ్యలో గాలి సందులు మిగులుతాయి. అందుకే ఇసుకలోనో రంపపు పొట్టులోనో వేర్లు పూడ్చి పైన గడ్డి మందంగా పరుస్తారు. కొమ్మ తట్టుకునే చలిని వేరు తట్టుకోలేదు, అది గుర్తుంచుకోండి. వేర్లు కప్పకుండా ఆరుబయట కట్టలు పడేసే నర్సరీ అయితే ఆపించడం వల్ల మేలు లేదు, అక్కడే సగం చచ్చిపోతాయి.

గార్లదిన్నె చీనీ

పై మాట నిజం. అయినా వారం రోజులకైనా కాలవ తవ్వాల్సి వస్తుంది కాబట్టి కొలతలు చెప్తా.

చోటు: వేపచెట్టు కింద కాదు. ఎండిన ఆకుల నడుమ నీడ చుక్కలు చుక్కలుగా పడుతుంది, చెట్టు వేర్లు తడిని లాగేస్తాయి, చెదలు కూడా అక్కడే ఎక్కువ. రేకుల గదికి ఉత్తరం గోడ వెంబడి తవ్వండి. జనవరిలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, ఆ గోడ పక్కన పగలంతా నీడే. గాలి కొట్టే వైపు గోనెపట్ట తెర కట్టండి. మన దగ్గర మొక్కను ఎండబెట్టేది ఎండ కంటే పొడిగాలి.

60 మొక్కలకు 6 మీటర్ల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. ఒక గోడ నిటారుగా, రెండోది వాలుగా ఉండాల. కట్టలు విప్పేయండి, ఇది ముఖ్యం. 10, 20 మొక్కలు కట్టగానే పూడ్చితే మధ్య వేర్లకు మట్టి తగలదు, అవి ఎండుతాయి లేదా బూజు పడతాయి. ఒక్కో మొక్కను వాలు మీద పడుకోబెట్టి, మొక్కకూ మొక్కకూ 10 సెంటీమీటర్లు వదలండి. తవ్విన మట్టిలో సగం, కడిగిన ఇసుక సగం కలిపి వేర్ల మధ్యకు వేళ్ళతో దూర్చండి. ఇసుక 20 ఘనపుటడుగులు సరిపోతుంది. అంటు కట్టిన బుడిపె మట్టికి నాలుగు వేళ్ళు పైన ఉండాల. పూడ్చినాక ఒక్కసారి బాగా నీళ్ళు పోసి మట్టిని కూర్చోబెట్టండి. తరువాత రోజూ పోయడం తప్పు. వేలు రెండంగుళాలు దింపి చూసి, పొడిగా తగిలితేనే పోయండి. వెచ్చని మట్టి, నిండా నీళ్ళు కలిస్తే వేరు కుళ్ళు రావడానికి నాలుగు రోజులు చాలు.

వేర్లను పూడ్చే ముందు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాముల ద్రావణంలో 10 నిమిషాలు ముంచండి. గరప నేలలో చెదలు ఖాయం కాబట్టి మొక్కలు పెట్టక ముందే కాలవ అడుగున, గోడలకు క్లోరిపైరిఫాస్ 20 ఈసీ లీటరు నీటికి 3 మిల్లీలీటర్లు కలిపి తడపండి. చేతికి గ్లౌజులు వేసుకోండి.

గోనెపట్ట సంగతి: రెండు మూడు రోజులకు పర్వాలేదు, మూడు వారాలకు కాదు. రేకుల గది మధ్యాహ్నం పొయ్యి లెక్క ఉంటుంది, గోనె ఒక పూటలో ఆరిపోతుంది. మన ఊళ్ళలో సులభంగా దొరికేది కదా అని శెనక్కాయ పొట్టులో పెడతారు కొందరు. పెట్టొద్దు. తడిసిన పొట్టు కుప్పగా ఉంటే లోపల వేడెక్కుతుంది, పొట్టులో మిగిలిన గింజలకు ఎలుకలు వస్తాయి, వచ్చిన ఎలుకలు లేత బెరడును కూడా కొరుకుతాయి.

ఉప్పు నీళ్ళు కూడా చిన్న విషయం కాదు. ఆపిల్‌కు ఉప్పు పడదు. నానబెట్టే నీళ్ళు, మొదటి రెండు మూడు తడులు మంచి నీళ్ళతోనే ఇవ్వండి. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి నింపుకుంటే నానబెట్టడానికి చాలు. ఫిల్టర్ నీళ్ళ ప్లాంట్లలో పక్కకు వదిలే నీళ్ళు ఉచితంగా ఇస్తారు కదా అని తెచ్చుకునేరు. ఉప్పంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది.

ఎమ్మిగనూరు

కోల్డ్ స్టోరేజీ సంగతి ఎవరూ చెప్పలేదు. మూడు వారాలు నిజంగా నిలబెట్టగలిగేది అదొక్కటే. 1 నుంచి 4 డిగ్రీలు, గాలిలో తేమ 90 శాతం పైన ఉంటే ఈ మొక్కలు నెలకు పైనే నిద్రలో ఉంటాయి. కానీ ఏ గది అన్నది చూసుకోవాల.

మిరపకాయల స్టోరేజీలో చలి 4 నుంచి 8 డిగ్రీలు ఉంటుంది, బూజు రాకూడదని గాలిని పొడిగా ఉంచుతారు. ఆ గాలికి ఉత్త వేర్లు వారంలో కట్టెపుల్లలవుతాయి. తప్పనిసరైతే వేర్లకు తడి కొబ్బరి పొట్టు పట్టించి, మొక్క మొత్తాన్ని మందపాటి పాలిథీన్ సంచిలో పెట్టి మూతి కట్టాలి. కొబ్బరి పొట్టును పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కారకూడదు. అరటికాయల గది 13 డిగ్రీల దగ్గర నడుస్తుంది. అది మనకు వెచ్చన, మొక్క నిద్ర లేస్తుంది. పండ్లు మాగబెట్టే గది అసలే వద్దు. పండు మాగేటప్పుడు వచ్చే ఇథిలీన్ గాలి నిద్రలో ఉన్న మొగ్గను చంపేస్తుంది. మొక్క పైకి పచ్చగానే కనిపిస్తుంది, నాటినాక మొగ్గ విచ్చదు. ఇంటి ఫ్రిజ్‌లో రెండు మూడు మొక్కలు పెట్టేవాళ్ళకూ ఇదే మాట: ఆపిళ్ళు, అరటిపళ్ళు, టమోటాలు తీసేయండి. గడ్డకట్టే అర మాత్రం ముట్టుకోవద్దు.

గదిలోంచి తీసిన మొక్కను నేరుగా ఎండలోకి తేకూడదు. సాయంత్రం తీసి, రాత్రంతా నీడలో ఉంచి, మరుసటి సాయంత్రం నాటాలి.

కళ్యాణదుర్గం తోట

చాలా మేలు చేసినారు. నర్సరీతో మాట్లాడినా. హెచ్.ఆర్.ఎం.ఎన్. 40 ఇంకా మడిలోనే ఉన్నాయంట, ఫిబ్రవరి 3న తవ్వి పంపుతామన్నారు. జేసీబీని 9వ తేదీకి ఖాయం చేసుకున్నా. కానీ అన్నా, డోర్సెట్ 20 మొక్కలు అప్పటికే లారీ ఎక్కినాయి. ఈ రోజు దిగినాయి. ఏడెనిమిదింటికి కొసన మొగ్గ ఉబ్బి పచ్చ గీత కనిపిస్తాంది. రెండింటికి బెరడు ముడతలు. వేర్లకు చుట్టిన మాస్ గడ్డి కొంచెం తడిగానే ఉంది. 20 మొక్కలకోసం కోల్డ్ స్టోరేజీ దాకా పోయే వీలు లేదు. ఇప్పుడేం చేయాల?

వేంపల్లె అంట్లు

మొగ్గ పచ్చబడిందంటే కాలవ కాలం దాటిపోయింది. 20నీ సంచుల్లోకి ఎక్కించండి, ఈ రోజే.

ముందు పరీక్ష. గోటితో కాండం మీద చిన్నగా గీరండి. లోపల పచ్చగా తడిగా ఉంటే బతికుంది. లావు వేరు ఒకటి గీరితే తెల్లగా ఉండాలి, గోధుమ రంగులో మెత్తగా జారితే అంతవరకు కత్తిరించేయండి. వేరు మొదట్లో గరుకైన కణితి ఉంటే ఆ మొక్కను నాటొద్దు, సంచిలో కూడా పెట్టొద్దు. అది బాక్టీరియా తెగులు, మందుతో పోదు, మట్టిలో ఉండిపోతుంది. ఫొటో తీసి నర్సరీకి పంపి మారు మొక్క అడగండి. ముడతలు పడ్డ రెండింటినీ రాత్రంతా నానబెట్టండి. కాండం సగం దాకా మునగాలి. పొద్దునకు ముడత సాగితే లెక్క.

సంచులు 12 అంగుళాలు × 15 అంగుళాలవి తెచ్చుకోండి. ఒక్కోటి 8, 9 లీటర్ల మట్టి పడుతుంది, 20కి 180 లీటర్ల దాకా కలపాలి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన దిబ్బెరువు ఒక పాలు. యూరియా, డీఏపీ చిటికెడు కూడా వద్దు, కొత్త వేరు కొన కాలిపోతుంది. అడుగున, పక్కల కలిపి 10 రంధ్రాలు. పొడుగు వేరు సంచిలో పట్టకపోతే చుట్ట చుట్టి కుక్కొద్దు, పదునైన కత్తెరతో కత్తిరించండి. చుట్ట తిరిగిన వేరు ఐదేళ్ళ తరువాత కూడా చుట్టగానే ఉంటుంది, గాలివానకు చెట్టు పడిపోయేది అందుకే. మట్టి నింపేటప్పుడు మొక్కను కాస్త పైకి కిందికి కదిలించండి, వేర్ల సందుల్లోకి మట్టి దిగుతుంది.

వేర్లు తెగినంత మేర పైన కూడా తగ్గించాలి. బుడిపె నుంచి రెండు, రెండున్నర అడుగుల ఎత్తులో ఒక మంచి మొగ్గకు పైన ఏటవాలుగా కోయండి. కొసన ఉబ్బిన మొగ్గలు పోతాయని బాధపడొద్దు. కింద నిద్రలో ఉన్న మొగ్గలు ఆలస్యంగా లేస్తాయి, వేరుకు ఆ వ్యవధి కావాలి. బుడిపె కింద నుంచి వచ్చే చిగురును మాత్రం లేతగా ఉన్నప్పుడే వేలితో రాల్చేయండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. జేసీబీ 9న వస్తుంది కదా అని మూడు వారాలకే సంచి చింపి నాటడం. అప్పటికి వేర్లు మట్టిని పట్టుకుని ఉండవు, గడ్డ విడిపోయి లేత వేర్లన్నీ తెగిపోతాయి. ఉత్త వేర్లతో నాటిన దానికంటే అధ్వానం. ఈ 20 మొక్కలు సంచుల్లోనే ఉండాలి. తొలకరి పడి నేల చల్లబడినాక, జూన్ చివర్లోనో జులైలోనో నాటండి. గుంతలు మాత్రం అన్నింటికీ ఒకేసారి తీయించి పెట్టుకోండి.

గార్లదిన్నె చీనీ

సంచులు వేసవి దాటాలంటే ఇంకో మాట. నల్ల సంచి పక్క మీద ఏప్రిల్ ఎండ నేరుగా పడితే లోపలి వేరు ఉడికిపోతుంది, ముఖ్యంగా పడమటి వైపు. 50 శాతం నీడ వల కింద, సంచులు ఒకదానికొకటి ఆనించి నాలుగు వరసలుగా పెట్టి, చుట్టూ సంచి ఎత్తున మట్టికట్ట పోయండి. మొదటి నెల రెండు మూడు రోజులకొకసారి తడి, మార్చి తరువాత రోజూ. ఫిబ్రవరిలో మొగ్గ లేచి పూత వస్తే గిల్లేయండి.

రకం చీటీలు కాగితంవైతే పోతాయి. అల్యూమినియం ముక్క మీద మేకుతో గీసి తీగతో వదులుగా కట్టండి. అన్నా, డోర్సెట్ ఒకదానికొకటి పుప్పొడి ఇచ్చుకోవాలి. చీటీ పోయి ఒకే రకం ఒక మూలకు చేరితే కాయ సరిగా పట్టదు.

పత్తికొండ

మధ్యలో ఒక సందేహం. చీనీ (బత్తాయి) అంట్లు కూడా మట్టి లేకుండా ఉత్త వేర్లతో వస్తే ఇదే పద్ధతిలో కాలవలో, చల్లటి గదిలో పెట్టొచ్చా?

గార్లదిన్నె చీనీ

పెట్టకూడదు. ఆపిల్ ఆకు రాల్చి నిద్రపోయే చెట్టు. చీనీ ఎప్పుడూ ఆకుతో ఉంటుంది, నిజమైన నిద్ర దానికి లేదు. ఆకు ఉన్నంతసేపు నీళ్ళు ఆవిరవుతూనే ఉంటాయి, పీల్చే వేరు ఉండదు. మూడొంతుల ఆకులు కోసేసి, వేర్లను పల్చటి దోసెపిండి లెక్క కలిపిన నల్లరేగడి బురదలో ముంచి, తడి గోనెలో చుట్టి రెండు మూడు రోజులు ఆపగలరు, అంతే. 2 డిగ్రీల గది చీనీకి హాని.

ఆ బురద ఆపిల్‌కూ పనికొస్తుంది. ఫిబ్రవరిలో వచ్చే 40 మొక్కలకు నానబెట్టినాక బురద పట్టించి కాలవలో పెట్టండి, వేరు పైన తడి పొర ఎక్కువసేపు నిలుస్తుంది. నల్లమట్టి లేకపోతే చెరువు ఒండ్రు చాలు. ఎర్ర గరప మాత్రం అంటుకోదు.

కళ్యాణదుర్గం తోట

19 సంచులకు ఎక్కించినా. మిగిలిన ఒక మొక్కకు వేరు మొదట్లో కణితి ఉంది, పక్కన పడేసి ఫొటో పంపినా. ముడతల రెండింట్లో ఒకటి సాగింది, ఇంకోటి గీరితే గోధుమ రంగే. ఫిబ్రవరి 10న 40 దిగుతాయి. జేసీబీ 9న వచ్చినా గుంతలు పూడ్చి మట్టి కూర్చునే దాకా ఎన్నాళ్ళు ఆగాల?

వేంపల్లె అంట్లు

పైమట్టి, దిబ్బెరువు కలిపి పూడ్చినాక ఒక్కో గుంతకు రెండు బకెట్ల నీళ్ళు రెండు రోజులు వరసగా పోయండి. మూడో రోజు ఎంత దిగితే అంత మట్టి మళ్ళీ వేయండి, నాలుగైదు రోజుల్లో నాటొచ్చు. కూర్చోని గుంతలో నాటితే మొక్క మట్టితో పాటే దిగి బుడిపె పూడిపోతుంది. అంటే 40 మొక్కలు కాలవలో ఉండేది 15, 16 తేదీల దాకా, ఇబ్బంది లేదు. గోధుమ రంగు వచ్చిన మొక్కను అప్పుడే పారేయొద్దు, ఇంకో జానెడు కిందికి గీరి చూడండి. బుడిపెకు పైన నాలుగంగుళాలు పచ్చగా ఉన్నా అక్కడికి కోసి సంచిలో ఉంచొచ్చు. బుడిపె దాకా గోధుమ రంగే ఉంటే తీసేయండి, కింద నుంచి వచ్చేది మీరు కొన్న రకం కాదు, దాన్ని అంటు కట్టిన వేరుమొక్క.

నాటినాక కాండానికి పల్చటి సున్నం పూయండి, నైరుతి వైపు ఇంకాస్త మందంగా.